ఎంఆర్ఐ మోత చెవిని ఏం చేస్తుంది?

మా నాన్నగారికి మెదడు స్కాన్ తీస్తున్నప్పుడు నేను గది బయట కుర్చీలో కూర్చున్నాను. మందపాటి తలుపు వేసి ఉన్నా లోపలి మోత వినిపిస్తూనే ఉంది. కాసేపు టకటకటక. ఆ తర్వాత గోడకు డ్రిల్లింగ్ చేస్తున్నట్టు గర్రుమని ఒకటే రొద. ఉన్నట్టుండి నిశ్శబ్దం. అయిపోయిందేమో అనుకునేలోపు మళ్లీ ఢంఢం. నలభై నిమిషాల తర్వాత నాన్న బయటికొచ్చారు. కుడి చెవిలో పసుపు రంగు నురగ ప్లగ్ ఉంది, ఎడమ చెవిలో లేదు. తల కింద పెట్టిన మెత్త పక్కన పడి ఉంటే టెక్నీషియన్ తీసుకొచ్చి చూపించాడు. "ఎప్పుడు ఊడిందో తెలీదు. కదలొద్దన్నారు కదా అని ఊరుకున్నాను" అన్నారు నాన్న. ఆ సాయంత్రమంతా ఎడమ చెవి దిబ్బడ వేసినట్టుందని, లోపల సన్నగా గుయ్యిమంటోందని అంటూనే ఉన్నారు. మర్నాడు పొద్దుటికి తగ్గిపోయింది.

తగ్గిపోయింది కాబట్టి మరిచిపోవచ్చు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకవైపు "లక్షలమంది తీయించుకుంటున్నారు, ఎవరికేమైంది" అనే మాట, ఇంకోవైపు "ఎంఆర్ఐ తీయించుకుంటే చెవులు పోతాయట" అనే మాట. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఆ రెండు మాటలూ సగం సగమే నిజం. మిగతా సగం ఆ చిన్న నురగ ముక్క దగ్గర ఉంది.

ముందుగా ఒక గందరగోళం తీసేద్దాం. స్కాన్ అనగానే అన్నీ ఒకటే అనిపిస్తుంది గానీ, చెవికి సంబంధించినంతవరకు పట్టించుకోవాల్సింది ఎంఆర్ఐ ఒక్కటే. ఎక్స్‌రేకి శబ్దం దాదాపు ఉండదు. సీటీలో లోపలి చక్రం గిర్రున తిరిగే చప్పుడు వస్తుంది, పెద్ద ఫ్యాన్ తిరుగుతున్నట్టు ఉంటుంది, అది చెవికి హాని చేసే స్థాయి కాదు. అల్ట్రాసౌండ్ పేరులోనే శబ్దం ఉన్నా, అది లక్షల హెర్ట్జ్‌ల పైన పనిచేసే తరంగం. మన చెవి వినగలిగేది 20,000 హెర్ట్జ్ వరకే. కాబట్టి ఇక్కణ్నుంచి మాట్లాడేదంతా ఎంఆర్ఐ గురించే.

అంత మోత ఎక్కణ్నుంచి?

అయస్కాంతమే అరుస్తోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎంఆర్ఐలోని ప్రధాన అయస్కాంతం రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది, దానంతట అది చప్పుడు చేయదు. స్కాన్ మొదలుకాకముందు గదిలోకి అడుగుపెడితే కిచ్ కిచ్ మని పిట్ట కూసినట్టు ఒక లయలో వినిపిస్తుందే, అది అయస్కాంతాన్ని అతిచల్లగా ఉంచే హీలియం శీతలీకరణ పంపుది. దానివల్ల చెవికి ఏమీ కాదు.

అసలు మోత చేసేవి గ్రేడియంట్ కాయిల్స్. మనం పడుకునే సొరంగం గోడ వెనకాల మూడు జతల తీగచుట్టలు ఉంటాయి. నిలువు, అడ్డం, లోతు అనే మూడు దిక్కుల్లో అయస్కాంత క్షేత్రాన్ని కొద్దికొద్దిగా మార్చడం వాటి పని. ఏ సంకేతం శరీరంలో ఏ చోటి నుంచి వచ్చిందో ఆ మార్పుల వల్లే తెలుస్తుంది. అవి లేకపోతే బొమ్మే లేదు. వాటిలోకి వందల ఆంపియర్ల కరెంటు సెకనులో వెయ్యో వంతుకంటే తక్కువ కాలంలో వస్తుంది, పోతుంది, దిశ తిప్పుకుంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో కరెంటు పారే తీగ మీద తోపుడు పడుతుందని స్కూల్లో చదువుకున్నాం కదా. ఇక్కడ జరిగేది అచ్చంగా అదే. కరెంటు దిశ మారిన ప్రతిసారీ తీగచుట్ట ఒక పక్కకు, మళ్లీ ఇంకో పక్కకు ఉలిక్కిపడుతుంది. దాన్ని బిగించిన బరువైన గొట్టం మొత్తం అదురుతుంది. స్పీకర్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. మనం పడుకున్నది ఓ పెద్ద స్పీకర్ మధ్యలోనన్నమాట.

ఇది అర్థమైతే మరో రెండు సంగతులు వాటంతటవే తెలుస్తాయి. ఒకే స్కాన్‌లో శబ్దం అన్ని రకాలుగా ఎందుకు మారుతుంది? ప్రతి రకం బొమ్మకీ కరెంటును ఆన్, ఆఫ్ చేసే వరస వేరు. దాన్నే సీక్వెన్స్ అంటారు. వరస మారితే స్వరం మారుతుంది. మరి 1.5 టెస్లా యంత్రం కంటే 3 టెస్లా యంత్రం ఎందుకు ఎక్కువ మోగుతుంది? టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలానికి కొలత. క్షేత్రం రెట్టింపైతే తీగ మీద పడే తోపుడు కూడా రెట్టింపవుతుంది. తోపుడు రెట్టింపైతే శబ్దశక్తి నాలుగింతలవుతుంది. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్క ప్రకారం అది 6 డెసిబెల్స్ పెరుగుదల. యంత్రం కట్టుబడిని బట్టి కొంత అటూఇటూ అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా చెవులు చిల్లులు పడేలా మోగేది ఎకో ప్లానార్ అనే పద్ధతి. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌కు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో దీన్ని ప్రతిపాదించారు. తర్వాత 2003లో పాల్ లాటర్‌బర్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులో రక్తప్రవాహం ఆగిన చోటును నిమిషాల్లో పట్టి ఇచ్చే డిఫ్యూజన్ స్కాన్‌కు ఈ పద్ధతే ఆధారం. వేగం కోసం కరెంటును అతివేగంగా అటూఇటూ తిప్పాలి. ఆ వేగానికి మనం చెల్లించే ధరే ఆ మోత. పక్షవాతం వచ్చిన మనిషికి ప్రతి నిమిషమూ విలువైనదే కాబట్టి ఆ ధర చెల్లించక తప్పదు. చెవిని కాపాడుకుంటూ చెల్లించాలి, అంతే.

110 అంటే ఎంత?

మామూలుగా ఎంఆర్ఐ మోత 80 నుంచి 110 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. 3 టెస్లా యంత్రంలో కొన్ని సీక్వెన్సులు 120 కూడా దాటుతాయి. ఈ అంకెలు పక్కపక్కన పెడితే పెద్ద తేడా ఉన్నట్టు అనిపించవు. అసలు చిక్కంతా అక్కడే. డెసిబెల్ స్కేలు మనం కూరగాయలు తూచే స్కేలు లాంటిది కాదు. 3 డెసిబెల్స్ పెరిగిందంటే శబ్దశక్తి రెట్టింపైనట్టు. 10 పెరిగితే పది రెట్లు, 20 పెరిగితే వంద రెట్లు. కానీ మన చెవికి 10 డెసిబెల్స్ తేడా సుమారు రెండింతల గట్టిదనంగానే తోస్తుంది. శక్తి పది రెట్లైతే మనకు తెలిసేది రెండు రెట్లే. అందుకే "ఫర్వాలేదు, భరించగలిగాను" అనే మాట మీద చెవి భద్రతను వదిలేయకూడదు.

కర్మాగారాల్లో పనిచేసేవాళ్ల కోసం అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఒక లెక్క చెబుతుంది. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు ఉండొచ్చు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట.

ఈ లెక్కను ఒక స్కాన్‌కు వేసి చూడండి. సొరంగంలో 110 డెసిబెల్స్ ఉందనుకుందాం. చెవిలో ఏమీ లేకపోతే ఒకటిన్నర నిమిషంలో ఆ రోజు కోటా అయిపోతుంది. డబ్బా మీద 30 డెసిబెల్స్ తగ్గిస్తుందని రాసిన ప్లగ్‌ను సగం సగంగా దూర్చితే, తగ్గేది 15 అనుకుందాం, చెవికి చేరేది 95. అప్పుడు సుమారు 47 నిమిషాలు. అదే ప్లగ్‌ను లోపలికంటా సరిగ్గా పెడితే చెవికి చేరేది 80. అప్పుడు రోజంతా ఉన్నా ఇబ్బంది లేదు. యంత్రం అదే, సీక్వెన్స్ అదే, ప్లగ్ అదే. ఒకటిన్నర నిమిషానికీ రోజంతటికీ మధ్య తేడా తెచ్చింది పెట్టిన తీరు మాత్రమే. నేను చదివినదాన్నంతా ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను.

కానీ ఈ లెక్కను ఉన్నదున్నట్టు తీసుకుని భయపడటం కూడా తప్పే. నియోష్ హద్దులు ఏళ్ల తరబడి, రోజూ ఆ మోతలో పనిచేసేవాళ్ల కోసం పెట్టినవి. ఒక రోజు ఒకసారి ఆ హద్దు దాటినంత మాత్రాన వినికిడి పోయినట్టు కాదు. స్కాన్ మొత్తం ఒకే స్థాయిలో మోగదు, సీక్వెన్సుల మధ్య విరామాలుంటాయి. అంటే ఆ అంకెలు ప్రమాదం ఎటువైపు ఉందో చూపిస్తాయి తప్ప, ఎవరి చెవి ఎంత చెడుతుందో జోస్యం చెప్పవు.

ఎంఆర్ఐకి ప్రత్యేకంగా కూడా నిబంధనలున్నాయి. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దృష్టిలో శబ్దం ఏ క్షణంలోనూ 140 డెసిబెల్స్ దాటకూడదు, చెవి రక్షణ పెట్టుకున్నాక చెవికి చేరే సగటు శబ్దం 99 దాటకూడదు. అంతర్జాతీయ ప్రమాణంలోనూ 99 అంకె ఉంది. యంత్రం అంతకు మించి మోగగలిగితే రోగికి రక్షణ తప్పనిసరి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. 99 డెసిబెల్స్‌ను నియోష్ లెక్కలో వేస్తే దాదాపు 19 నిమిషాలే వస్తుంది. అంటే చట్టం గీసిన గీత, చెవికి హాయిగా ఉండే గీత ఒకటి కావు. "మా యంత్రం నిబంధనల లోపలే ఉంది" అనే మాట నిజమే కావచ్చు. అంతమాత్రాన ప్లగ్ విషయంలో అలసత్వం కుదరదు.

లోపల ఏం జరుగుతుంది

చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఒకటుంది. దాన్నే కోక్లియా అంటారు. చుట్లు విప్పి చాపితే మూడున్నర సెంటీమీటర్లు. అందులో శబ్దాన్ని పట్టే కేశకణాలు వరసలుగా నిలబడి ఉంటాయి. బయటి వరసల్లో సుమారు 12,000, లోపలి వరసలో సుమారు 3,500. కంటిలో వెలుగును పట్టే కణాలు పది కోట్లకు పైనే. చెవిలో మాత్రం మొత్తం కలిపి పదిహేను పదహారు వేలు. ఒకసారి చచ్చిపోతే మనిషిలో అవి మళ్లీ మొలవవు. పక్షుల్లో మొలుస్తాయి, మనకు ఆ అదృష్టం లేదు.

గట్టి శబ్దంలో ఈ కణాల మీది సన్నని కుచ్చులు అలిసి వాలిపోతాయి. అప్పుడు చెవి దిబ్బడ వేసినట్టు, దూది పెట్టినట్టు అనిపిస్తుంది, గుయ్యిమంటుంది. విశ్రాంతి దొరికితే గంటల్లోనో రోజుల్లోనో మళ్లీ నిలబడతాయి. దీన్ని తాత్కాలిక వినికిడి తగ్గుదల అంటారు. నాన్నకు ఆ సాయంత్రం జరిగింది ఇదే అయ్యుంటుంది. శబ్దం మరీ ఎక్కువైనా, మళ్లీ మళ్లీ తగిలినా కణాలు తిరిగి లేవవు. శబ్దం వల్ల వచ్చే నష్టం సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. స, శ, ష, చ లాంటి అక్షరాలకు ఉండే ఆ గాలి చప్పుడు పై హెర్ట్జ్‌లలోనే ఉంటుంది. అందుకే ఆ నష్టం ఉన్నవాళ్లు "వినపడుతోంది గానీ మాట అర్థం కావడంలేదు" అంటారు.

చెవికి తనదైన రక్షణ కూడా ఒకటుంది. పెద్ద చప్పుడు విన్నప్పుడు మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని, లోపలికి వెళ్లే శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది. అది ప్రధానంగా తక్కువ హెర్ట్జ్‌ల బొంగురు స్వరాలకే పనిచేస్తుంది, పైగా బిగుసుకోవడానికి కొంత సమయం పడుతుంది. మత్తు ఇచ్చినప్పుడు అది మందగిస్తుంది. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ రంగంలో ఆలోచనను మార్చింది. రెండు గంటలపాటు 100 డెసిబెల్స్ శబ్దం వినిపించారు. కొన్నాళ్లకు వాటి వినికిడి పరీక్షలో మామూలుకొచ్చింది. కేశకణాలూ బాగానే ఉన్నాయి. కానీ ఆ కణాలను నరంతో కలిపే అతుకుల్లో దాదాపు సగం, కొన్ని చోట్ల, శాశ్వతంగా పోయాయి. అంటే పరీక్షలో "నార్మల్" అని వచ్చినా లోపల నష్టం మిగిలి ఉండొచ్చు. ఎలుకల్లో చూసిందాన్ని మనుషులకు ఉన్నపళంగా అంటగట్టలేం, మనుషుల్లో దీని మీద ఇంకా వాదోపవాదాలు నడుస్తున్నాయి. కానీ "తగ్గిపోయింది కదా, ఏం కాలేదు" అని అంత ధీమాగా అనలేనని నాకు అనిపించేలా చేసింది ఈ ప్రయోగమే.

మరి రోగుల మీద చూసినప్పుడు?

1988లో రేడియాలజీ అనే వైద్య పత్రికలో ఒక చిన్న పరిశీలన వచ్చింది. రక్షణ లేకుండా ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్లలో 43 శాతం మందికి తాత్కాలికంగా వినికిడి తగ్గింది. పరీక్షించినవాళ్లు చాలా తక్కువమంది. కానీ ఈరోజు స్కాన్ గదిలో ప్లగ్ ఇవ్వడం మామూలు విషయం కావడానికి వెనుక ఇలాంటి పరిశీలనలు ఉన్నాయి.

ముప్పై ఏళ్ల తర్వాత, 2018లో, అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది. ఈసారి 26 మంది ఆరోగ్యవంతులు, 3 టెస్లా యంత్రం, 51 నిమిషాల స్కాన్, అందరికీ చెవి రక్షణ. స్కాన్ అయిన వెంటనే చెవి నుంచి మెదడుకు వెళ్లే విద్యుత్ సంకేతాలను కొలిస్తే వినికిడిలో సగటున 5 డెసిబెల్స్ తగ్గుదల కనిపించింది. 25వ రోజున మళ్లీ చూస్తే మామూలుకొచ్చింది. ఈ 5 డెసిబెల్స్‌ను ఎలా చదవాలి? రోజువారీ జీవితంలో అంత చిన్న తేడా మనిషికి తెలియదు, అది శాశ్వతం కూడా కాలేదు. ఇది ధైర్యం చెప్పే విషయమే. కానీ రక్షణ పెట్టుకున్నా చెవి అలిసిందన్నదీ నిజమే. సరిగ్గా పెట్టనివాళ్ల సంగతి దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

స్కాన్ తర్వాత వినికిడి తగ్గి మళ్లీ పూర్తిగా తిరిగిరాని కేసులు కూడా వైద్య పత్రికల్లో అక్కడక్కడా నమోదయ్యాయి. అవి అరుదు. వాటిని చూసి స్కాన్ మానేయడం పెద్ద పొరపాటు. ఎంఆర్ఐ రాసిచ్చారంటే వెన్నులోనో మెదడులోనో తెలుసుకోవాల్సింది ఏదో ఉంది.

30 సెకన్ల పని

చాలాచోట్ల జరిగేది ఇది. రోగి బల్ల మీద కూర్చుంటాడు, టెక్నీషియన్ రెండు నురగ ప్లగ్‌లు చేతిలో పెట్టి "చెవుల్లో పెట్టుకోండి" అంటాడు. తర్వాతి పేషంట్ బయట ఎదురుచూస్తుంటాడు. రోగికి టెన్షన్. ఆ ముక్కను చెవి తూటు దగ్గర ఇటూఅటూ నొక్కి, నిలబడిందనుకుని పడుకుంటాడు. తల చుట్టూ బోనులాంటి కాయిల్ బిగిస్తున్నప్పుడు అది రాసుకుని ఇంకాస్త బయటికొస్తుంది. సొరంగంలోకి వెళ్లాక చేయి లేవదు.

పెట్టాల్సిన తీరు ఇది. ముందు ప్లగ్‌ను వేళ్ల మధ్య నెమ్మదిగా దొర్లిస్తూ, మడతలు పడకుండా, సన్నటి వత్తిలా చేయాలి. ఉండలా నలిపితే మడతల సందుల్లోంచి శబ్దం దూరుతుంది. తర్వాత రెండో చేతిని తల మీదుగా వెనక్కి తెచ్చి, చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి. చెవి తూటు తిన్నగా ఉండదు, వంకర ఉంటుంది. ఇలా లాగితే అది తిన్నగా అవుతుంది. వత్తిని వెంటనే లోపలికి జొప్పించి, వేలి కొనతో 20, 30 సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. నురగ నెమ్మదిగా ఉబ్బి గోడలకు అతుక్కుంటుంది. సరిగ్గా పడితే మన గొంతు మనకే గుహలో మాట్లాడినట్టు గంభీరంగా వినిపిస్తుంది, గదిలోని పంపు చప్పుడు దూరమైపోతుంది. అనుమానముంటే రెండు అరచేతులూ చెవుల మీద గట్టిగా మూసి చూడండి. మూసినప్పుడు బయటి చప్పుడు ఇంకా బాగా తగ్గితే ప్లగ్ సరిగ్గా మూయలేదన్నమాట. మళ్లీ పెట్టాలి. వేళ్లు వణికే పెద్దవాళ్లు ఇదంతా సొంతంగా చేసుకోలేరు. టెక్నీషియనే పెట్టాలి, అడగడానికి మొహమాటపడొద్దు.

ప్లగ్ మీద హెడ్‌ఫోన్ కూడా పెడితే ఇంకా మేలు, అయితే రెండింటి అంకెలూ కూడేయకూడదు. ప్లగ్ 30, హెడ్‌ఫోన్ 25, మొత్తం 55 అని కాదు. రెండూ కలిసినప్పుడు అదనంగా వచ్చేది సుమారు 5 డెసిబెల్సే. ఎందుకంటే చెవి తూటును ఎంత మూసినా శబ్దం పుర్రె ఎముక గుండా లోపలికి చేరుతూనే ఉంటుంది. 40, 50 డెసిబెల్స్ తగ్గాక ఇక ఏ మూతా పనిచేయదు. అయినా ఒకటి జారితే రెండోది ఉంటుంది, నాకు ఆ ఒక్క కారణమే చాలు. మెదడు, మెడ స్కాన్లలో తలకు బిగించే కాయిల్ ఇరుకుగా ఉంటుంది కాబట్టి హెడ్‌ఫోన్ పట్టకపోవచ్చు. అప్పుడు భారమంతా ప్లగ్ మీదే. అందుకే తల స్కాన్‌కు వెళ్లేవాళ్లు దాన్ని రెండింతల శ్రద్ధగా పెట్టుకోవాలి.

హెడ్‌ఫోన్‌లో పాటలు పెడితే టెన్షన్ తగ్గుతుంది, నిజమే. కానీ పాట రక్షణ కాదు. మోత మీద వినపడాలని సౌండ్ పెంచమంటే చెవికి రెండు దెబ్బలు. చేతిలో ఒక రబ్బరు బంతి ఇస్తారు, నొక్కితే లోపల బెల్ మోగుతుంది. ఊపిరాడనప్పుడు మాత్రమే నొక్కాలని చాలామంది అనుకుంటారు. ప్లగ్ ఊడినా నొక్కొచ్చు, నొక్కాలి. ఆ ఒక్క సీక్వెన్స్ మళ్లీ తీయాల్సొస్తుంది, నాలుగైదు నిమిషాలు పోతాయి. అంతే. నాన్నకు ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది.

చెప్పలేనివాళ్లు

మత్తు ఇచ్చి పడుకోబెట్టిన పిల్లలు, ఐసీయూ నుంచి స్పృహ లేకుండా తెచ్చినవాళ్లు "చెవి నొప్పి" అని చెప్పలేరు. పైన చెప్పిన కండరం రక్షణ కూడా వాళ్లలో మందగించి ఉంటుంది. "ఎలాగూ నిద్రలో ఉన్నాడు కదా" అనే ఆలోచన పూర్తిగా తలకిందులైంది. నిద్రలో ఉన్నది మనిషి, కోక్లియా కాదు. వాళ్లకు మిగతావాళ్లకంటే జాగ్రత్తగా రక్షణ పెట్టాలి. నెలల పిల్లల చెవి తూటు చాలా సన్నం, పెద్దవాళ్ల ప్లగ్ పట్టదు. వాళ్లకోసం చెవి మీద అతికించే చిన్న మూతలు ఉంటాయి. మూడేళ్ల లోపు పిల్లలకు చెవిని పైకి కాకుండా కిందికీ వెనక్కీ లాగి పెట్టాలి. పక్కన తోడుగా గదిలో కూర్చునే అమ్మకో నాన్నకో కూడా ప్లగ్‌లు కావాలి, అడిగి తీసుకోండి.

గర్భిణుల విషయంలో భయం ఎక్కువగా వినిపిస్తుంది. కడుపులోని బిడ్డకు ప్లగ్ పెట్టలేం కదా అని. 1995లో నాటింగ్‌హామ్ పరిశోధకులు ఒక వాలంటీర్ గొంతు ద్వారా చిన్న మైక్రోఫోన్‌ను ద్రవం నింపిన జీర్ణాశయంలోకి పంపి, స్కానర్ మోత లోపలికి ఎంత చేరుతుందో కొలిచారు. 30 డెసిబెల్స్‌కు పైగా తగ్గింది. 2016లో జామా అనే వైద్య పత్రికలో కెనడాలోని ఒంటారియోకు చెందిన 14 లక్షలకు పైగా ప్రసవాల రికార్డుల పరిశీలన వచ్చింది. తొలి మూడు నెలల్లో ఎంఆర్ఐ తీయించుకున్న తల్లుల పిల్లల్లో వినికిడి లోపం పెరిగినట్టు కనిపించలేదు. డాక్టర్ అవసరమని చెప్పాక ఈ ఒక్క భయంతో వాయిదా వేయక్కర్లేదు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది వేరే గుంపు. క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్ వాడుతున్నవాళ్లు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌కు జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు. ఈ మందులు వాటంతటవే కేశకణాలను దెబ్బతీయగలవు. ఆ సమయంలో గట్టి శబ్దం కూడా తోడైతే రెండూ కలిసి నష్టం పెరుగుతుందని జంతువుల మీద ప్రయోగాలు చూపాయి. విచిత్రమేమిటంటే మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ అవసరమయ్యేది కూడా ఇలాంటి రోగులకే. స్కాన్‌కు ముందు ఇచ్చే ఫారంలో పేస్‌మేకర్ ఉందా, లోహపు ముక్కలున్నాయా అని అడుగుతారు. చెవిని దెబ్బతీసే ఈ మందుల సంగతి అడగకపోతే మనమే చెప్పాలి. చెవిలో ఎప్పుడూ హోరు ఉండేవాళ్లు, చిన్న చప్పుడుకే బాధపడేవాళ్లు కూడా ముందే చెబితే తక్కువ మోతతో తీసే వీలుందేమో చూస్తారు. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లు దాన్ని గది బయటే తీసేయాలి. చెవిలో కోక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి పరికరం) ఉంటే అది శబ్దం సంగతి కాదు, అయస్కాంతం సంగతి. ఆ మాట అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.

ఇంకో చిక్కుముడి కూడా విప్పాలి. కొందరికి సొరంగంలోకి వెళ్తుంటేనే తల తిరుగుతుంది. చెవులు దెబ్బతిన్నాయేమోనని కంగారుపడతారు. అది మోత వల్ల కాదు. లోపలి చెవిలో శరీరం తూలకుండా చూసే ద్రవం ఉంది. అందులో సహజంగా పారే అతిచిన్న విద్యుత్ ప్రవాహం మీద బలమైన అయస్కాంత క్షేత్రం తోపుడు పెడుతుంది. 2011లో 7 టెస్లా యంత్రంలో పడుకున్నవాళ్ల కళ్ల కదలికలను చూసి ఈ కారణాన్ని వివరించారు. గ్రేడియంట్ కాయిల్స్‌ను ఉలిక్కిపడేలా చేసేదీ ఇదే సూత్రం. బయటికొచ్చాక కాసేపటికి సర్దుకుంటుంది.

మోతనే తగ్గించలేమా?

తగ్గిస్తున్నారు. గ్రేడియంట్ కాయిల్స్‌ను గాలి లేని పెట్టెలో బిగిస్తే అదురు గాలిలోకి చేరదు. తోషిబా ఈ దారిలో వెళ్లి దానికి పియానిస్సిమో అని పేరు పెట్టింది. జీఈ సైలెంట్ స్కాన్ వేరే దారి పట్టింది. కరెంటును ఒక్కసారిగా ఆన్, ఆఫ్ చేయకుండా మెట్టు మెట్టుగా కొద్దికొద్దిగా మారుస్తుంది. దానితో గదిలో మామూలుగా ఉండే చప్పుడు కంటే పెద్దగా ఎక్కువ మోగదని కంపెనీ చెబుతోంది. సీమెన్స్, ఫిలిప్స్‌కు కూడా సొంత నిశ్శబ్ద పద్ధతులున్నాయి. అయితే అన్ని రకాల బొమ్మలూ ఇలా తీయలేరు, కొన్నిటికి సమయం ఎక్కువ పడుతుంది, డిఫ్యూజన్ లాంటివి ఇప్పటికీ బాగానే మోగుతాయి. "మా దగ్గర సైలెంట్ మెషిన్ ఉంది" అన్నా ప్లగ్ పెట్టుకోవాల్సిందే.

స్కాన్ అయ్యాక కొన్ని గంటలు చెవి దిబ్బడ వేసినట్టున్నా, సన్నగా గుయ్యిమన్నా కంగారు అక్కర్లేదు. ఆ రోజు, మర్నాడు ఇయర్‌ఫోన్లు, పెద్ద చప్పుళ్లు పక్కన పెట్టి చెవికి విశ్రాంతి ఇవ్వాలి. రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకోవాలి. ఒక చెవి ఉన్నట్టుండి బాగా మందగిస్తే మాత్రం రెండు రోజులు కూడా ఆగొద్దు, అదే రోజు వెళ్లాలి. అకస్మాత్తుగా వినికిడి తగ్గినప్పుడు స్టెరాయిడ్లు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, మొదటి రెండు వారాల్లో వాటికి విలువ ఎక్కువ. వెళ్లినప్పుడు స్కాన్ ఎప్పుడు తీశారో, ఎంతసేపు పట్టిందో, ఏ మందులు వాడుతున్నారో చెప్పండి. ఏ చెవి ప్లగ్ ఊడిందో కూడా.